రేత్ సమాధి (నవల)

రేత్ సమాధి ప్రముఖ హిందీ రచయిత్రి గీతాంజలి శ్రీ రచించిన నవల. 2018లో రాజ్‌కమల్ ప్రకాశన్ సంస్థ దీనిని ప్రచురించింది. భర్త మరణించిన తరువాత మంచం పట్టి, ఇంటివారందరికీ వీపు త్రిప్పి గోడవైపు పడుకున్న ఎనభై ఏళ్ళ వృద్ధురాలు మళ్ళీ లేచి తనదైన జీవితాన్ని మొదలుపెట్టడం ఈ నవలలోని ప్రధాన ఇతివృత్తం. ఆ ప్రయాణంలో ఆమె మొదట కొడుకు ఇంటి గడపను, ఆ తరువాత భారత పాకిస్తాన్ సరిహద్దును దాటుతుంది.

డైసీ రాక్‌వెల్ చేసిన దీని ఆంగ్లానువాదం "టూంబ్ ఆఫ్ శాండ్" 2022 సంవత్సరపు ఇంటర్నేషనల్ బుకర్ బహుమతిని పొందింది. భారతీయ భాషలలో వ్రాయబడిన ఒక రచనకు ఈ బహుమతి రావడం అదే మొదటిసారి.

పేరు

హిందీలో "రేత్" అనగా ఇసుక. "సమాధి" అనే సంస్కృత పదానికి తెలుగులో వలెనే హిందీలో కూడా రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి మృతులను పూడ్చిన చోటు, రెండవది యోగి తన లోపలికి తాను మరలి నిశ్చలంగా ఉండే స్థితి. నవల ఆరంభంలో కదలక మెదలక పడుకున్న వృద్ధురాలి స్థితికి ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి. ఇంటివారు ఆమె మరణానికి దగ్గరైనదని తలుస్తారు. నిజానికి ఆమె లోపల ఏదో కూడదీసుకుంటూ ఉంటుంది. ఆంగ్ల శీర్షికలో మొదటి అర్థం మాత్రమే నిలిచింది. తెలుగు పాఠకునికి మాత్రం మూలంలోని పేరే ఏ వివరణా లేకుండా రెండు అర్థాలతోనూ అందుతుంది. ఇసుక అనే మాటకు సంబంధించిన కథ నవల చివరి భాగంలో బయటపడుతుంది.

రచయిత్రి

గీతాంజలి శ్రీ 1957 జూన్ 12న ఉత్తర ప్రదేశ్‌లోని మైన్‌పురిలో జన్మించింది. తండ్రి ప్రభుత్వోద్యోగి కావడం వలన ఆమె బాల్యం ఆ రాష్ట్రంలోని వివిధ పట్టణాలలో గడిచింది. తల్లి పేరైన "శ్రీ"ని ఆమె తన పేరులో రెండవ భాగంగా స్వీకరించింది. ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కళాశాలలోను, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోను చరిత్ర చదివింది. ప్రేమ్‌చంద్ సాహిత్యంపై బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసింది.

ఆమె మొదటి కథ "బేల్‌పత్ర్" 1987లో "హంస్" పత్రికలో వెలువడింది. "అనుగూంజ్" (1991) ఆమె తొలి కథా సంపుటి. ఇతర నవలలలో "మాయీ" (1993), "హమారా శహర్ ఉస్ బరస్" (1998), "తిరోహిత్" (2001), "ఖాలీ జగహ్" (2006) ముఖ్యమైనవి. రేత్ సమాధి ఆమె ఐదవ నవల. దీనిని ఆమె సుప్రసిద్ధ హిందీ రచయిత్రి కృష్ణా సోబతీకి అంకితమిచ్చింది.

కథాసంగ్రహం

గమనిక: ఈ విభాగంలో నవల ముగింపుతో సహా కథ తెలుపబడినది.

నవల మూడు భాగాలుగా ఉంది. వాటి పేర్లు "పీఠ్" (వీపు), "ధూప్" (ఎండ), "హద్-సర్హద్" (హద్దు-సరిహద్దు).

మొదటి భాగం: ఉత్తర భారతదేశంలోని ఒక ఉన్నత మధ్యతరగతి కుటుంబంలో తండ్రి మరణిస్తాడు. తల్లి మంచం దిగదు, ఎవరితోనూ మాట్లాడదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. పదవీ విరమణకు సిద్ధంగా ఉన్న పెద్ద కొడుకు, ఇల్లు నడిపే కోడలు, వేరుగా నివసించే కూతురు, మనుమడు తలా ఒక విధంగా ఆమెను లేపడానికి ప్రయత్నిస్తారు. ఎండలో కూర్చోమని ఒకరు, ఇష్టమైనది తినమని ఒకరు బ్రతిమాలుతారు. విదేశాలలో ఉండే మరొక మనుమడు తెచ్చిన సీతాకోకచిలుకల చేతికర్ర ఒక్కటే ఆమె ఆసక్తిని రేకెత్తిస్తుంది. ఆ కర్రను నిటారుగా పైకెత్తి తాను కల్పతరువునని ఆమె ప్రకటిస్తుంది. ఇరుగుపొరుగువారు వచ్చి తమ కోరికలు చెప్పుకుంటారు. ఆ తరువాత ఒకనాడు, కొడుకు కుటుంబం ప్రభుత్వ బంగళాను విడిచి వేరొక ఇంటికి మారే సందడిలో, ఆమె అదృశ్యమవుతుంది. ఆమెతో పాటు ఇంటిలోని ఒక పురాతన బుద్ధ విగ్రహం కూడా కనిపించదు. కొన్ని రోజుల వెదుకులాట తరువాత ఆమె దొరుకుతుంది. అయితే కొడుకు ఇంటికి కాక కూతురి ఇంటికి వెళుతుంది.

రెండవ భాగం: కూతురు అవివాహిత, స్వతంత్రంగా జీవించే స్త్రీ. తల్లికి తన స్వేచ్ఛలో వాటా ఇస్తున్నానని ఆమె సంతోషిస్తుంది. తల్లి చీరలు మాని వదులైన పొడవాటి గౌనులు ధరిస్తుంది, మొక్కలు పెంచుతుంది, వేళ కాని వేళలో నవ్వుతుంది. ఆమెను చూడడానికి పాతకాలపు స్నేహితురాలైన రోజీ అనే హిజ్రా తరచు వస్తూ ఉంటుంది. దర్జీగా పరిచయమైన రజా మాస్టరు, రోజీ ఒక్కరే అని కూతురు క్రమంగా గ్రహిస్తుంది. తానే విశాల భావాలు కలదానినని నమ్మే కూతురు ఈ స్నేహం చూసి ఇబ్బంది పడుతుంది. తల్లి రోజురోజుకూ చిన్నపిల్ల అవుతుంటే, ఆమె ఎక్కడికి వెళ్ళిందో, ఎప్పుడు వస్తుందో అని ఎదురుచూసే పెద్దరికం కూతురి నెత్తిన పడుతుంది. రోజీ అనూహ్యంగా మరణించిన తరువాత తల్లి పాకిస్తాన్ వెళ్ళాలని పట్టుబడుతుంది.

మూడవ భాగం: తల్లీకూతుళ్ళు వాఘా సరిహద్దు మీదుగా లాహోర్ చేరుతారు. అక్కడి వీధులు తల్లికి పరిచితమైనవని కూతురికి అప్పుడు తెలుస్తుంది. దేశ విభజనకు పూర్వం ఆమె పేరు చందా. అన్వర్ అనే ముస్లిం యువకుడు ఆమె మొదటి భర్త. విభజన అల్లర్లలో వారు విడిపోయారు. ప్రాణాలు దక్కించుకున్న ఆడపిల్లలు ఎడారి ఇసుకలో నడిచి ఇవతలికి చేరుకున్నారు. అన్వర్‌ను వెదుకుతూ ఖైబర్ ప్రాంతానికి వెళ్ళిన తల్లీకూతుళ్ళను అనుమతి లేని చోటికి వచ్చారని అధికారులు నిర్బంధిస్తారు. విచారణ చేయవచ్చిన అధికారులకు ఆమె సరిహద్దు అంటే ఏమిటో తానే పాఠం చెబుతుంది. చివరకు వార్ధక్యంతో మంచం పట్టిన అన్వర్‌ను ఆమె కలుసుకోగలుగుతుంది. ఆ తరువాత తుపాకి గుండు తగిలి మరణిస్తుంది. బోర్లా కాక వెల్లకిలా, ఆకాశం వైపు చూస్తూ పడిపోవాలని ఆమె ముందే అభ్యాసం చేసి ఉంటుంది, అలాగే పడిపోతుంది.

ముఖ్య పాత్రలు

ప్రధాన పాత్రలలో చాలామందికి నవలలో పేర్లు ఉండవు. బంధుత్వాన్ని తెలిపే మాటలే వారి పేర్లు.

మా (అమ్మ): కథానాయిక. నవల చాలా భాగం గడిచే వరకు ఈమె ఒకరికి భార్య, ఒకరికి తల్లి, ఒకరికి అత్త, ఒకరికి నానమ్మ మాత్రమే. సొంత పేరు చివరి భాగంలో గాని తెలియదు.
బేటీ (కూతురు): ఒంటరిగా నివసించే ఆధునిక స్త్రీ. తల్లి ప్రయాణానికి సాక్షి.
బడే (పెద్దవాడు): పెద్ద కొడుకు. ప్రభుత్వాధికారి. తల్లిని తన ఇంట ఉంచుకోవడం తన బాధ్యత అనీ, హక్కు అనీ భావిస్తాడు.
బహూ (కోడలు): ఇంటి బరువు మోసే స్త్రీ. తన శ్రమను ఎవరూ గుర్తించరని ఆమెకు కినుక.
సిద్: మనుమడు. నానమ్మకు ఇష్టుడు.
రోజీ / రజా మాస్టరు: హిజ్రా. అమ్మకు ఆప్తమిత్రురాలు.
అన్వర్: విభజనకు ముందటి భర్త.

వీరితో పాటు ఇంటి తలుపు, కాకులు, చేతికర్ర వంటివి కూడా కథలో పాత్రల వలె ప్రవర్తిస్తాయి.

వృద్ధాప్యంలో కొత్త జీవితం

వయసు మళ్ళిన స్త్రీ జీవితాన్ని తిరిగి ప్రారంభించడం ఈ నవలకు మూలకథ. సాధారణంగా వృద్ధాప్యం అనగా తిరుగాడే చోటు తగ్గుతూ రావడం. ఊరు నుండి వీధికి, వీధి నుండి ఇంటికి, ఇంటి నుండి గదికి, గది నుండి మంచానికి మనిషి పరిధి కుదించుకుపోతుంది. ఈ నవలలో కథ మంచం దగ్గర మొదలై అదే దారిలో వెనుకకు నడుస్తుంది. మంచం నుండి గదికి, గది నుండి గడప దాటి వీధికి, వీధి నుండి కూతురి ఇంటికి, అక్కడి నుండి మరొక దేశానికి అమ్మ పరిధి పెరుగుతూ పోతుంది.

ఈ మార్పు ఒక మాట చుట్టూ మొదలవుతుంది. లేవమని ఎవరు పిలిచినా అమ్మ "నహీఁ" అంటుంది. "నహీఁ" అనగా కాదు, లేదు. పదేపదే పలికినప్పుడు ఆ మాట "నయీ"గా మారుతుంది. హిందీలో "నయీ" అనగా కొత్తది అని స్త్రీలింగ రూపం. ఇంటివారికి నిరాకరణగా వినిపించినది ఆమె వరకు ఒక సంకల్పం అని రచయిత్రి ఇక్కడ సూచిస్తుంది. ఇన్నాళ్ళూ అడిగినవారందరికీ సరే అంటూ వచ్చిన స్త్రీ కొత్తగా మారాలంటే ముందుగా కాదు అనడం నేర్చుకోవాలి.

తల్లి ఎవరి ఇంట ఉండాలి అనేది నవలలోని మరొక ముఖ్య విషయం. ఉత్తర భారతదేశంలోని అనేక కుటుంబాలలో కూతురిని ఇచ్చిన ఇంట తల్లిదండ్రులు భోజనం చేయకూడదనే ఆచారం ఉండేది. వృద్ధాప్యంలో తల్లి కొడుకు వద్దనే ఉండాలనే పట్టింపు నేటికీ తెలుగువారితో సహా చాలామందిలో కనిపిస్తుంది. అందుచేత అమ్మ కూతురి ఇంటికి వెళ్ళడం బడేకు పరువు సమస్య అవుతుంది. రచయిత్రి అతనిని దుర్మార్గునిగా చిత్రించలేదు. అతనికి తల్లిపై నిజమైన ప్రేమ ఉంది. కోడలు కూడా అత్తను నిర్లక్ష్యం చేయదు. అయినా ఆ ప్రేమలో, ఆ సేవలో అమ్మకు ఏమి కావాలి అనే ప్రశ్నకు చోటు లేదు. కూతురి ఇంటిలో కూడా ఇదే సమస్య వేరొక రూపంలో ఎదురవుతుంది. తల్లి స్వేచ్ఛ ఎలా ఉండాలో కూతురు ముందే ఊహించుకుంటుంది. అమ్మ ఆ ఊహకు లొంగదు. సంప్రదాయ కుటుంబమైనా ఆధునిక కుటుంబమైనా వృద్ధుల జీవితం ఇక ముగిసినదని నమ్మి, ఆ నమ్మకం మీదనే వారిని ప్రేమిస్తుందని నవల చూపిస్తుంది.

అమ్మ ప్రారంభించిన కొత్త జీవితం నిజానికి పూర్తిగా కొత్తది కాదు. అది 1947లో తెగిపోయిన జీవితానికి కొనసాగింపు. పిల్లలకు తమ తల్లి జీవితం తమ తండ్రితోనే మొదలైనట్లు తోస్తుంది. ఆమెకు అంతకు ముందు ఒక పేరు, ఒక ఊరు, ఒక ప్రేమ ఉన్నాయని వారు ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంటిలో కళ్ళెదుటే ఉన్న వృద్ధురాలు ఎవరో ఇంటివారికి తెలియకపోవడమే ఈ నవలలోని అసలు విషాదం. ఆమె లేచి నడవకపోయి ఉంటే ఆ కథ ఆమెతోనే ముగిసి ఉండేది.

వీపు అనే ప్రతీక కూడా గమనింపదగినది. రచయిత్రి తొలి నవల "మాయీ"లో తల్లి ఎల్లప్పుడూ ఇంటివారి ముందు వంగి ఉండే స్త్రీ, ఆమె వెన్నెముక బలహీనమైనదని పిల్లలు అనుకుంటారు. పాతికేళ్ళ తరువాత వచ్చిన రేత్ సమాధిలో తల్లి అదే కుటుంబానికి వీపు చూపుతుంది. చివరకు మరణ సమయంలో ఆ వీపును నేలకు ఆన్చి ముఖాన్ని ఆకాశానికి చూపుతుంది.

దేశ విభజన నేపథ్యం

1947 ఆగస్టులో జరిగిన దేశ విభజన వలన 1.2 కోట్ల నుండి 1.5 కోట్ల మంది వరకు నిరాశ్రయులయ్యారని చరిత్రకారుల అంచనా. అల్లర్లలో రెండు వైపులా వేలాది స్త్రీలు అపహరణకు గురయ్యారు. అట్టివారిని వెదికి స్వదేశానికి చేర్చడానికి భారత ప్రభుత్వం 1949లో ప్రత్యేక చట్టం చేసింది. తిరిగి వెళ్ళడం ఆ స్త్రీలకు ఇష్టమా కాదా అన్న విషయానికి ఆ చట్టంలో తగిన చోటు లేదు. ఎవరు ఎక్కడి వారో మతాన్ని బట్టి ప్రభుత్వాలు నిర్ణయించాయి. ఈ అనుభవాలను గురించి చాలా కుటుంబాలలో దశాబ్దాల పాటు మౌనం కొనసాగింది. రేత్ సమాధిలో అమ్మ పాటించిన మౌనాన్ని ఈ చరిత్రతో కలిపి చదువుకోవలసి ఉంటుంది.

అమృత్‌సర్, లాహోర్ నగరాల మధ్యనున్న వాఘా వద్ద ప్రతి సాయంత్రం సైనికుల పతాక వందనం జరిగే ఆనవాయితీ 1959లో మొదలైంది. మూడవ భాగంలోని వాఘా ఘట్టంలో విభజన గురించి వ్రాసిన రచయితలు, వారి పాత్రలు వచ్చి ప్రేక్షకులలో కూర్చుంటారు. సాదత్ హసన్ మంటో, భీష్మ్ సాహ్నీ, ఇంతిజార్ హుసేన్, కృష్ణా సోబతీ ఇందులో కనిపిస్తారు. మంటో సృష్టించిన బిషన్ సింగ్ కూడా వస్తాడు. ఈ విధంగా రచయిత్రి తన నవలను ఉర్దూ, హిందీ విభజన సాహిత్య సంప్రదాయంలో నిలబెట్టింది. సరిహద్దు మనుషులను విడదీయడానికి కాక ఒకరినొకరు కలుసుకోవడానికి ఉండవలసినది అనే భావం అమ్మ వాదన ద్వారా వ్యక్తమవుతుంది.

భాష, కథన శైలి

నవల సూటిగా సాగదు. కథకుడు తరచు దారి తప్పి తలుపుల గురించి, చీరల గురించి, కాకుల గురించి మాట్లాడి మరల కథలోకి వస్తాడు. కొన్ని అధ్యాయాలు పలు పుటలు ఉండగా కొన్ని ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ధ్వని కోసం వాడిన మాటలు, శ్లేషలు, సామెతల విరుపులు, ఉర్దూ, పంజాబీ, ఆంగ్ల పదాలు విరివిగా కనిపిస్తాయి. విషయం గంభీరమైనదైనా హాస్యం ఎక్కువ. కొడుకు పదవీ విరమణ విందు, కాకుల సభ వంటి ఘట్టాలు ఇందుకు ఉదాహరణలు.

ఈ శైలికి కథతో సంబంధం ఉంది. అమ్మ గదులకు, దేశాలకు ఉన్న హద్దులను దాటినట్లే నవల కూడా మనిషికీ పక్షికీ, ప్రాణమున్న దానికీ లేని దానికీ, ఒక భాషకూ మరొక భాషకూ మధ్యనున్న హద్దులను లెక్కచేయదు. అయితే ఈ కారణం చేతనే మొదటి భాగం నెమ్మదిగా నడుస్తుందని, చదవడం కష్టమని కొందరు పాఠకులు అభిప్రాయపడ్డారు.

అనువాదాలు

ఫ్రెంచి భాషలోకి అన్నీ మోంతో చేసిన అనువాదం 2020లో వెలువడింది. ఆంగ్లానువాదాన్ని బ్రిటన్‌కు చెందిన టిల్టెడ్ యాక్సిస్ ప్రెస్ 2021లో ప్రచురించింది. ఆంగ్ల ప్రతి 700 పుటలకు పైబడినది.

ఆంగ్ల అనువాదకురాలు డైసీ రాక్‌వెల్ అమెరికాకు చెందిన చిత్రకారిణి, హిందీ, ఉర్దూ భాషల పండితురాలు. ఈ నవలకు ముందే ఆమె భీష్మ్ సాహ్నీ "తమస్", ఖదీజా మస్తూర్ "ఆంగన్", ఉపేంద్రనాథ్ అశ్క్ "గిర్తీ దీవారేఁ" నవలలను, కృష్ణా సోబతీ విభజన జ్ఞాపకాల నవలను ఆంగ్లంలోకి అనువదించింది. "నహీఁ"-"నయీ" వంటి శ్లేషలను మాటకు మాటగా అనువదించడం సాధ్యం కాదు. అట్టిచోట్ల ఆంగ్లంలో సరిపోయే ధ్వనులను వెదకి వాడడం, అనేక హిందీ పదాలను వివరణ లేకుండా అలాగే ఉంచడం ఆమె అనుసరించిన పద్ధతులు.

పురస్కారాలు

2022 మే 26న లండన్‌లో రేత్ సమాధి ఆంగ్లానువాదానికి ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి ప్రకటించబడినది. ఆంగ్లంలోకి అనువాదమై బ్రిటన్ లేక ఐర్లండ్‌లో ప్రచురితమైన గ్రంథాలకు ఈ బహుమతి ఇస్తారు. బహుమతి మొత్తమైన 50,000 పౌండ్లను రచయిత్రి, అనువాదకురాలు సమానంగా పంచుకున్నారు. ఆ సంవత్సరం న్యాయనిర్ణేతల సంఘానికి అనువాదకుడు ఫ్రాంక్ విన్ అధ్యక్షుడు. తుది జాబితాలో ఓల్గా తొకార్చుక్, యోన్ ఫోస్సె, మియెకో కవకామి, క్లౌదియా పిన్యేరో, బోరా చుంగ్‌ల రచనలు కూడా ఉన్నాయి. తన వెనుక హిందీ, ఇతర దక్షిణాసియా భాషల సుసంపన్న సాహిత్యం ఉందని, ప్రపంచం దానిని తెలుసుకోవాలని బహుమతి స్వీకరిస్తూ గీతాంజలి శ్రీ పేర్కొంది.

ఇదే అనువాదానికి 2022లో అనువాద సాహిత్యంలో స్త్రీలకు ఇచ్చే వార్విక్ బహుమతి కూడా లభించింది. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల సంపుటి "హార్ట్ ల్యాంప్" (అనువాదం: దీపా భస్తి) ఇంటర్నేషనల్ బుకర్ పొందడంతో ఆ గౌరవం పొందిన భారతీయ భాషల గ్రంథాల సంఖ్య రెండుకు చేరింది.

వివాదం

బుకర్ బహుమతి అనంతరం 2022 జూలైలో ఆగ్రాలో రచయిత్రికి జరపతలపెట్టిన సన్మాన సభ రద్దయింది. నవలలో శివపార్వతులను గురించిన ప్రస్తావనలు అభ్యంతరకరంగా ఉన్నాయని ఉత్తర ప్రదేశ్‌లో ఒక వ్యక్తి పోలీసులకు ఫిర్యాదు చేయడం ఇందుకు కారణం.

ఇటువంటి ఇతర రచనలు

వృద్ధురాలు కథానాయికగా ఉన్న నవలలు ప్రపంచ సాహిత్యంలో తక్కువ. బ్రిటిష్ రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్ 1931లో వ్రాసిన "ఆల్ ప్యాషన్ స్పెంట్" వీటిలో ప్రసిద్ధమైనది. అందులో ఒకప్పటి భారత వైస్రాయి భార్య అయిన లేడీ స్లేన్ 88 ఏళ్ళ వయసులో భర్తను కోల్పోయి, పిల్లల ఏర్పాట్లను కాదని, లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటుంది. చిత్రకారిణి కావాలన్న యౌవనపు కోరికను అక్కడ నెమరువేసుకుంటుంది. కృష్ణా సోబతీ రచించిన "ఐ లడకీ" (1991) మరణశయ్యపై ఉన్న తల్లికి, అవివాహిత అయిన కూతురికి మధ్య సంభాషణగా సాగే హిందీ నవలిక.

ఈ రెండు రచనలలోనూ వృద్ధురాలు గతాన్ని తలచుకుంటుంది, కాని తిరిగి అక్కడికి వెళ్ళదు. రేత్ సమాధిలో అమ్మ తన గతం ఉన్న చోటికి స్వయంగా నడచి వెళుతుంది. ఈ భేదమే ఈ నవలను వాటి నుండి వేరు చేస్తుంది.